నాలుగు దెబ్బల ఖాళీ

మూడోసారి కూడా గట్టిమేళం నడిమధ్యలో నాలుగు దెబ్బల సేపు ఆగిపోవడంతో, అమెరికా బ్యాండు వాళ్ల మొదటి రికార్డు ప్రభావం కల్యాణ మండపంలో పడిందని ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిపోయింది. పెళ్లికూతురి మేనమామ జేబులోంచి ఫోను తీసి ప్రభావాల నియంత్రణ శాఖకు కబురు పెట్టాడు. కరెంటు పోతే లైన్‌మన్‌ను పిలిచినట్టే పిలిచాడు.

తాళిబొట్టు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డ చింతాడ హేమసుందర్‌కి మాత్రం ఏం చెయ్యాలో తోచలేదు. గట్టిమేళం మోగుతుండగానే కట్టాలి, ఆగితే కట్టకూడదు. ఆ క్షణంలో తుమ్ము, ఏడుపు, రాకూడని మాట ఏదీ చెవిన పడకూడదనే కదా సన్నాయి, డోలు కలిసి చెవులు చిల్లులు పడేలా వాయించేది. మొదటి ఖాళీలో భోజనాల వైపు నుంచి ఎవరో తుమ్మారు. రెండో ఖాళీలో హేమసుందర్ పెదనాన్న పక్కాయనతో, పప్పులో ఉప్పు మరిచిపోయారు గానీ మనకెందుకులే అంటున్న మాట మండపమంతా వినిపించింది. మూడో ఖాళీలో వినిపించింది ఆడగొంతు. చాలా దగ్గర నుంచి, చాలా మామూలుగా.

“నేనడిగింది ఈయన వినలేదు.”

ఆ వెంటనే మేళం మళ్లీ అందుకుంది. ఎదురుగా పీటల మీద కూర్చున్న పేడాడ వైజయంతి తల వంచుకునే ఉంది. బాసికం కింద ఆమె ముఖం హేమసుందర్‌కి కనిపించలేదు. అతన్ని వెనక్కి రమ్మని పంతులుగారు చెయ్యి ఊపారు.

తిట్లు ముందుగా సన్నాయి గురయ్యకు పడ్డాయి. బయానా తీసుకుని ఇదేం వాయింపని పెళ్లికూతురి తండ్రి తవిటినాయుడు గద్దించాడు. గురయ్య సన్నాయిని తుండుగుడ్డతో తుడుచుకుంటూ నిదానంగా జవాబిచ్చాడు. “మేం ఆపలేదు బాబూ, అదే ఆగిపోతంది. ఎత్తిన సెయ్యి దిగదు. నాలుగు దెబ్బలైనాక దానంతటదే దిగతంది. మీ వంటోడి గరిటె కూడా అలాగే ఆగతందట, ఎల్లి సూడండి.”

వెళ్లి చూశారు. నిజమే. జిలేబీ పోసేవాడి చెయ్యి మధ్యమధ్యలో ఆగుతోంది. జిలేబీలన్నీ ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. పిల్లలు వాటినీ తినేస్తున్నారు.

ప్రభావాల సంగతి జిల్లాలో కొత్తదేం కాదు. రెండేళ్ల కిందట ఒక ఫ్రెంచి చిత్రకారుడి ప్రభావం పడి సంతకొచ్చిన వంకాయలన్నీ నలుచదరంగా కాశాయి. శాఖ వాళ్లు వచ్చి తీసేశారు. అయితే అమెరికా రికార్డు కేసుల గురించి పేపర్లో చదవడమే గానీ ఇక్కడ ఇదే మొదటిది. ‘కోల్డ్ కౌంటర్’ అనే ఆ బ్యాండు వాళ్లు నలుగురు. వాళ్ల మొదటి రికార్డు అమ్ముడుపోయింది తక్కువ, పడిన ప్రభావం ఎక్కువ. గిటారు సన్నగా గీసినట్టుంటుంది. పాడేవాడు పాడడు, కౌంటర్ దగ్గర గుమాస్తాతో వాదిస్తున్నట్టు మాట్లాడతాడు. మూడో పాటలో అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి, నాలుగు దెబ్బలు. అంతవరకు ఆ పాట కింద ఏం దాచిపెట్టారో అదంతా ఆ ఖాళీలో వినిపిస్తుంది. ప్రపంచంలో ఎన్నో పాటలకు ఖాళీలు పడింది దానివల్లేనని శాఖ వాళ్ల అంచనా.

ఇన్‌స్పెక్టర్ మజ్జి ఆదిలక్ష్మి ముహూర్తం ఇంకా దాటకముందే జీపు దిగింది. నుదుట పెద్ద బొట్టు, భుజాన సంచి, చేతిలో స్టీలు క్యారియరు. భోజనం ఇక్కడే చెయ్యమ్మా అన్నారు. కేసు తేలకుండా కేసు జరిగిన చోట తినకూడదని నిబంధన ఉందంది. పంతులుగారిని ముహూర్తం ఎంతసేపుందని అడిగింది. ఆయన చెప్పారు. చాలంది.

“ప్రభావం గాలికి రాదు,” అంది ఆమె, మైకు తీసుకుని, పోలియో చుక్కల గురించి చెప్పినంత మామూలుగా. “మొదట్నుంచి చివరిదాకా మనసు పెట్టి విన్న మనిషి వెంట వస్తుంది. ఆ మనిషి వాహకం. వాహకం మీద కేసుండదు. ఆ మనిషి వినేలా చేసినవాడు ముద్దాయి. ఇప్పుడు అందరూ చప్పట్లు కొట్టండి. నేను చెప్పేదాకా ఆపకండి. చప్పట్లలో మాత్రం వాహకం చేతులే ఆగుతాయి.”

హేమసుందర్ తాళిని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

కారణం ఉంది. పెళ్లి సంబంధాలకు పంపిన బయోడేటాలో, ఇష్టమైన సంగీతం అన్నచోట అతను ఈ రికార్డు పేరే రాశాడు. విశాఖలో ఆఫీసు క్యాంటీన్‌లో గడ్డాలున్న ఇద్దరు దాని గురించి గౌరవంగా మాట్లాడుకుంటుంటే విన్నాడు. ఆ మాటలే విన్నాడు గానీ రికార్డు వినలేదు. వినాలనుకున్నాడు. తీరిక దొరకలేదు. ఇంకా పది ఇళ్లకు అదే బయోడేటా వెళ్లింది, ఎవరూ దాని గురించి అడగలేదు. ఇప్పుడు వాహకం తనేనని అందరూ అనుకుంటారు. వాహకం అయితే ఫర్వాలేదు, కేసుండదు. కానీ చప్పట్లు ఎక్కడ ఆపాలో తనకు తెలియదే.

నాలుగు వందల మంది చప్పట్లు కొట్టారు. ఆదిలక్ష్మి వరసల మధ్య నడుస్తూ చేతులు చూసుకుంటూ పోయింది. హేమసుందర్ తాళిని తల్లి సరోజినమ్మ చేతిలో పెట్టి తనూ కొట్టాడు. కాసేపయ్యాక, ఇక్కడ ఆగితే బాగుంటుందేమో అనిపించి ఆగాడు. ఎవరూ ఆగలేదు. కంగారుపడి మళ్లీ మొదలుపెట్టాడు. అతను మొదలుపెట్టిన క్షణంలోనే ఎదురుగా పీటల మీద గోరింటాకు చేతులు రెండు గాలిలో ఆగిపోయాయి. నాలుగు దెబ్బల తర్వాత మళ్లీ కలిశాయి.

“దొరికింది,” అంది ఆదిలక్ష్మి. ఆమె గొంతులో సంతోషం గానీ కోపం గానీ లేవు. “నువ్వేనామ్మా విన్నది?”

“నేనేనండి,” అంది వైజయంతి.

“ఎందుకు విన్నావు?”

“ఈయనకి ఇష్టమని రాశారు. మనిషి ఎలాంటివారో తెలుస్తుందని విన్నాను.”

“తెలిసిందా?”

“రికార్డు తెలిసిందండి.”

తవిటినాయుడు కల్పించుకున్నాడు. మా అమ్మాయి మైసూరులో చెవుల చదువు చదువుతోందని, వినపడుతోందా లేదా అని మనుషులకు పరీక్షలు చేస్తుందని, ఏది విన్నా చివరిదాకా వినడం చిన్నప్పట్నుంచీ దానికి జబ్బని చెప్పాడు. ఇంకో ఏడాది చదువు మిగిలిందట గానీ పెళ్లయ్యాక చూసుకోవచ్చని పెద్దలందరం అనుకున్నామన్నాడు. ఆదిలక్ష్మి తలూపి, అది కేసుకు సంబంధం లేని విషయమంది.

తర్వాత హేమసుందర్ వైపు తిరిగింది. “మీకు ఇష్టమైన రికార్డు కదా. మీ చేతులు ఆగలేదేం?”

“ఆగాయండి.”

“తప్పు చోట ఆగాయి.”

హేమసుందర్ ఏదో అనబోయాడు. సరోజినమ్మ అడ్డుకుంది. “ఏటమ్మా, పెళ్లికొడుకుని పట్టుకుని దొంగని అడిగినట్టు అడుగుతన్నారు? మావోడు పాటలు వింటే ఏటి, వినకపోతే ఏటి? ఆ టేపులు పెళ్లిలో అక్కరకొస్తాయా?”

“పెద్దమ్మా, వినకపోతే కేసు లేదు,” అంది ఆదిలక్ష్మి. “వినకుండా విన్నానని చెప్పి, ఇంకొకరు వినేలా చేస్తే కేసు. తనకు లేని ప్రభావాన్ని ఎదుటివాళ్ల మీద పడేసినవాణ్ణే మా చట్టం ముద్దాయంటుంది. అయితే నేను పేరు పెట్టకూడదు. వాహకం తన నోటితో, పైకి, ఎవరి బలవంతం లేకుండా చెప్పాలి. చెప్పిన తర్వాత ప్రభావం దానంతటదే పోతుంది. చెప్పమ్మా, ఎవరు?”

వైజయంతి నోరు తెరిచింది. నలుగురు ఆడవాళ్లు ఒకేసారి ఆమె మీదికి వంగారు. మేనత్త చెయ్యి ఆమె నోటిదాకా వెళ్లింది. “తప్పు తల్లీ. పెళ్లికూతురు పెళ్లికొడుకు పేరు నోట అనకూడదు.”

పంతులుగారు కూడా అది నిజమేనన్నారు.

ఇన్‌స్పెక్టర్ విసుక్కోలేదు. ఆచారానికి భంగం కలగకుండా విచారణ జరపాలని శాఖ నిబంధనల్లో ఉంది. మరి ఎప్పుడు అనొచ్చని అడిగింది. మేనత్త ఆలోచించి చెప్పింది. అత్తారింటి గడప దగ్గర ఆడపడుచు దారి అడ్డుకుని పేరడుగుతుంది, అప్పుడు అనొచ్చు, అనాలి కూడా. పేరు చెప్పకపోతే లోపలికి రానివ్వరు. అయితే విచారణ గడప దగ్గరికి వాయిదా వేస్తున్నానని ఆదిలక్ష్మి మైకులో ప్రకటించింది. అంతవరకు పెళ్లికి తాత్కాలిక అనుమతి ఇచ్చింది. జీపులోంచి రెండు పెద్ద స్పీకర్లు దింపించింది. అవి శాఖ వారి గట్టిమేళం. ఏ ప్రభావమూ సోకని కాలంలో రికార్డు చేసి సీలు వేసి ఉంచినది. అందులో ఎక్కడా సందు ఉండదని హామీ.

హేమసుందర్ మళ్లీ తాళి అందుకున్నాడు. అతని బుర్రలో ఒకటే ప్రశ్న తిరుగుతోంది. నేనడిగింది ఈయన వినలేదు, అంది. ఏం అడిగింది? నాలుగు వందల మంది ఆ మాట విన్నారు. ఏం అడిగావమ్మా అని ఒక్కరూ అడగలేదు. విచారణాధికారి సైతం అడగలేదు. తనూ అడగలేదు.

పెళ్లిచూపుల నాటి మేడ గుర్తొచ్చింది. మాట్లాడుకోండని ఇద్దర్నీ పైకి పంపారు. పిట్టగోడ మీద వడియాలు ఎండుతున్నాయి. ఆమె మొదటి మాటగా, మూడో పాటలో ఆ ఖాళీ వచ్చినప్పుడు మీకేం వినిపించింది అని అడిగింది. డ్రమ్ములు అదిరిపోతాయన్నాడు. ఆమె, అక్కడ డ్రమ్ములు ఉండవు కదా అంది. అతను ఫోనును పిట్టగోడ చాటుకు దించి, మూడో పాటలో ఏముందో వెతకడం మొదలుపెట్టాడు. సిగ్నల్ రాలేదు. చుక్క గుండ్రంగా తిరుగుతూనే ఉంది. ఆమె ఇంకేదో చెబుతోంది, చాలాసేపే చెప్పింది. చివర్లో గొంతు ప్రశ్నలా లేచింది. అది మాత్రం పట్టుకున్నాడు. “తప్పకుండా,” అన్నాడు.

ఆమె ముఖం వెలిగిపోయింది. తను నచ్చానని అనుకున్నాడు.

“గట్టిమేళం,” అన్నారు పంతులుగారు.

స్పీకర్లు అందుకున్నాయి. కుర్చీలు అదిరాయి, దీపాలు వణికాయి. ఆ మోతలో మాట కాదు కదా, మనిషికి తన ఊపిరి కూడా వినపడదు. ఆ మోతలోనే హేమసుందర్‌కి అన్నాళ్లూ దొరకని ఆ మాటలు ఒక్కొక్కటే దొరికాయి. ఆమె అన్నది ఇది. ‘నాకు ఇంకో ఏడాది చదువుంది. మధ్యలో వదిలేస్తే మళ్లీ చేర్చుకోరు. ముహూర్తం ఏడాది తర్వాత పెట్టమని నేనంటే మా నాన్న వినరు. మీరంటే వింటారు. మీరే చెప్తారా?’

తప్పకుండా.

ఆమె ఆ మాట నమ్మింది. లగ్నపత్రిక రాసేటప్పుడు చెబుతాడని చూసింది. బట్టలు కొనేటప్పుడు చూసింది. పీటల మీద కూర్చునేదాకా చూసింది.

హేమసుందర్ తలెత్తి, “ఆగండి,” అన్నాడు.

ఎవరికీ వినపడలేదు. ఇంకా గట్టిగా అన్నాడు. పెళ్లికొడుకు మంత్రం చెబుతున్నాడనుకుని పంతులుగారు మెచ్చుకోలుగా తలూపారు. ఏడాది ఆగుదాం, ఆవిడ ముందే అడిగింది, నేనే వినలేదు అని అరిచాడు. తన నోరు కదులుతున్నట్టు తెలుస్తోంది గానీ మాట తన చెవికే చేరలేదు. ఎక్కడైనా నాలుగు దెబ్బలు ఆగకపోతుందా అని ఎదురుచూశాడు. శాఖ హామీ గట్టిది. ఎక్కడా ఆగలేదు. సరోజినమ్మ కొడుకు మోచేతులు పట్టుకుని ముందుకు నడిపింది. వైజయంతి మెడ వెనక ఎవరో జడ ఎత్తి పట్టుకున్నారు. అక్షింతలు కళ్లలో పడుతున్నాయి. వేళ్లు వాటి పని అవి చేశాయి. మూడు ముళ్లూ పడ్డాక స్పీకర్లు ఆపారు. ముహూర్తం దాటలేదని అందరూ ఇన్‌స్పెక్టర్‌కి దండాలు పెట్టారు.

పొద్దు వాలకముందే ఊరేగింపు చింతాడ వారి ఇంటికి చేరింది. ఆదిలక్ష్మి జీపు వెనకే వచ్చింది. దారిలో హేమసుందర్ రెండుసార్లు వైజయంతితో మాట్లాడబోయాడు. రెండుసార్లూ బాజాలే వినపడ్డాయి. ఆమె కారు అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఏడవడం లేదు. చెవులు పరీక్ష చేసేవాళ్లు అవతలి మనిషి వినపడిందని చెయ్యెత్తుతాడేమోనని ఎలా చూస్తారో అలా చూస్తోంది.

గుమ్మంలో ఆడపడుచు హైమ రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడింది. వెనక ముత్తయిదువలు హారతి పళ్లెంతో సిద్ధంగా ఉన్నారు. చెప్పుల గుట్ట పక్కన ఇన్‌స్పెక్టర్ నిలబడి పెన్ను మూత తీసింది.

“పేరు సెప్తేగానీ గడప దాటనివ్వను వదినా. సిగ్గుపడితే ఇక్కడే ఉంటావు,” అని నవ్వింది హైమ.

“చెప్పమ్మా,” అంది ఆదిలక్ష్మి. “ముద్దాయి ఎవరు?”

అప్పుడు బాజాలు ఆగిపోయాయి. సందు చివర ఆటో ఇంజను ఆగింది. పళ్లెంలో గంట ఊగుతూనే ఉంది గానీ మోగడం లేదు. హేమసుందర్ జీవితంలో మొదటిసారి చెవులు రిక్కించి, ఊపిరి బిగబట్టి, ఒక మనిషి చెప్పబోయేది మొదటినుంచి చివరిదాకా వినడానికి నిలబడ్డాడు.

వైజయంతి ఆడపడుచు భుజం మీదుగా ఇన్‌స్పెక్టర్ కళ్లలోకి చూసింది. గారు చేర్చలేదు. గొంతు తగ్గించలేదు.

“చింతాడ హేమసుందర్.”

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఈ కాలం పిల్లలు ఎంత స్పష్టంగా చెబుతారో అని మురిసిపోయారు. ఆదిలక్ష్మి ముద్దాయి పేరు రాసుకుంది. హైమ పక్కకు తప్పుకుంది. బాజాలు ఈసారి మధ్యలో ఎక్కడా ఆగలేదు.