టైమ్‌కీపరుగారి శనిగ్రహం

బస్సు డిపోలో టైమ్‌కీపరుగా పనిచేసే ఆయన ఆ ఉదయం పళ్లు తోముకుంటూనే సాయంత్రం కార్యక్రమం ప్రకటించేశారు. ఏడున్నరకల్లా డాబా మీద టెలిస్కోప్ సిద్ధం, ఏడూ నలభైకి శనిగ్రహ దర్శనం, ఎనిమిదిన్నరకు భోజనాలు. వంటింట్లో ఉన్న భార్య ఈ మూడింటిలోంచీ నలభై నిమిషాల చొప్పున మనసులోనే తీసేసి, సరేనంది.

ఆ నలభై నిమిషాలకు ఒక చరిత్ర ఉంది. ఇరవై రెండేళ్ల కిందట ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఆయన పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లారు. బస్సులకు టైము చెప్పాల్సిన మనిషే టైముకు రాలేదని డ్రైవర్లూ కండక్టర్లూ నెల రోజులు కడుపుబ్బ నవ్వుకున్నారు. ఆ రోజే ఇంటికొచ్చి చేతి గడియారాన్ని నలభై నిమిషాలు ముందుకు తిప్పారు. గంట తిప్పితే మరీ అబద్ధంలా ఉంటుందని నలభైతో ఆగారట. తర్వాత హాల్లో గడియారం, వంటింట్లో గడియారం కూడా ఆ దారే పట్టాయి. ఇంటిల్లిపాదికీ తీసివేత అలవాటైపోయింది. ఫోన్లో సరైన టైము ఉంటుంది, కాని ఆయన లెక్కలో ఫోను ఉన్నది మాట్లాడటానికి, టైము చూడటానికి ఉన్నది గడియారం.

ఇక టెలిస్కోప్ సంగతి. అది ఆయన మేనత్త కోసం వచ్చింది. ఆవిడ ముప్పై ఏళ్లు బళ్లో భూగోళం చెప్పింది. ఏటా ఒక రోజు నల్లబల్ల మీద సుద్దముక్కతో శనిగ్రహం గీసేది, ముందు గుండ్రంగా గుండు, దాని చుట్టూ వలయం. నిజమైన శనిగ్రహాన్ని మాత్రం ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. ఒక కన్ను చిన్నప్పుడే పోయింది. రెండోదానికి ఎల్లుండి ఆపరేషన్. చూపు ఉంటుందో పోతుందో చెప్పలేమని కంటి డాక్టరు ముందే చేతులెత్తేశాడు. ఆ మాట ఫోన్లో చెబుతూ ఆవిడ, "ఒక్కసారి ఆ వలయాన్ని చూడాలనుందిరా" అంది. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే కంప్యూటర్ ఉన్న టెలిస్కోప్‌కు ఆర్డరు పెట్టేశారు.

వచ్చి వారమైనా ఆకాశమంతా మబ్బు. ఆ వారమంతా ఆయన దానితో పాటు వచ్చిన పుస్తకాన్ని డిపో రూల్సు చదివినంత శ్రద్ధగా చదివారు. దానికి మూడు సంగతులు చెబితే చాలట: ఏ ఊళ్లో ఉన్నాం, ఇవాళ తేదీ ఎంత, ఇప్పుడు టైమెంత. తర్వాత ఏ గ్రహం కావాలంటే ఆ గ్రహం వైపు మోటారుతో అదే తిరిగి, దాని వెంటే మెల్లగా కదులుతూ ఉంటుంది. దగ్గరలో కనిపించిన వెలుగును అద్దం మధ్యకు తెచ్చి మీట నొక్కితే, అదే ఆ గ్రహమని దానికి గుర్తుండిపోతుంది. ఆకాశం గురించి ఓనమాలు రాకపోయినా ఫరవాలేదు. ఆ మాట చదివాక ఆయనకు గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది.

సాయంత్రానికి మబ్బు విడిపోయింది. మేనత్త వచ్చింది గాని డాబా ఎక్కలేదు. "బాగా చీకటి పడి, అంతా సిద్ధమయ్యాక పిలవరా. ఉన్న ఒక్క కన్నుకూ కాస్త విశ్రాంతి ఇస్తాను" అని గదిలో కళ్లు మూసుకుని కూర్చుంది. ఆయన పైకి వెళ్లి టెలిస్కోప్‌ను మూడు కాళ్ల మీద నిలబెట్టి, ఊరు చెప్పారు, తేదీ చెప్పారు. టైమెంత అని అది అడిగింది. ఆయన చేతి గడియారం చూసి, ఏడున్నర అని నొక్కారు. శనిగ్రహం కావాలన్నారు. గుర్రుమంటూ అది తిరిగింది. పడమటి వైపు, కాస్త కిందికి వంగి ఆగింది.

గొట్టానికి కన్ను ఆనించి ఆయన బిగుసుకుపోయారు. లోపల వెలుగుతోంది గుండ్రటి గుండు. దాని చుట్టూ పళ్లెంలా వలయం. కాస్త మసగ్గా ఉందిగాని సందేహం లేదు, అత్తయ్య నల్లబల్ల మీద గీసిందే. ఆయన మీట నొక్కి, అదే శనిగ్రహమని దానికి ఖాయం చేశారు.

భార్య కూడా చూసింది. తర్వాత తలెత్తి, "ఏమండీ, మరి ఆ పైనున్న పసుప్పచ్చదేమిటి?" అని ఆకాశంలోకి చూపించింది. ఎదురు మేడకు బెత్తెడు ఎత్తున ఒక చుక్క నిలకడగా వెలుగుతోంది. అదేదో మామూలు చుక్కలే, అన్నారాయన. టెలిస్కోప్ చూపించని చుక్కతో ఆయనకేం పని.

అత్తయ్యను పిలుద్దామని మెట్ల దాకా వెళ్లేసరికి కింది వాటాలో ఉండే లాయరుగారు ఎదురయ్యారు. విషయం విన్నాక ఆయన ఆగుతారా. ఒక్క నిమిషం అని గొట్టం ముందు వంగి ఐదు నిమిషాలు లేవలేదు. మధ్యమధ్య శనిగ్రహం మెల్లగా పక్కకు జరిగిపోతుంటే టైమ్‌కీపరుగారు బాణం గుర్తు నొక్కి మళ్లీ మధ్యకు తెస్తున్నారు. భూమి తిరుగుతోంది కదా, జరగదా మరి, అని లాయరుగారు అందరికీ వివరించారు. ఉన్నట్టుండి ఆయన గొంతు మారిపోయింది.

"టైమ్‌కీపరుగారూ, దాని మీద ఏదో కదులుతోంది. దానికి తోక ఉంది."

భార్యాభర్తలు చెరొకసారి చూశారు. వలయం మీద నల్లటి నీడ. తోక ఉంది, కాళ్లూ ఉన్నట్టే ఉంది. ఆగుతోంది, ఉరుకుతోంది, మళ్లీ ఆగుతోంది. ముగ్గురికీ ఒళ్లు గగుర్పొడిచింది. ఇన్ని కోట్ల మైళ్ల దూరంలో, ఆ చలిలో, ఆ ఒంటరితనంలో ఒక ప్రాణి ఉందని, దాన్ని లోకంలో మొదట చూసింది తామేనని అనుకునేసరికి టైమ్‌కీపరుగారి కళ్లు చెమర్చాయి.

లాయరుగారు మాత్రం వృత్తిధర్మం మరిచిపోలేదు. కిందికి పరుగెత్తి తెల్ల కాగితం తెచ్చి పిట్టగోడ మీద పెట్టి రాశారు: క్రింద సంతకం చేసిన మేము, స్వస్థచిత్తులమై, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, శనిగ్రహం మీద తోక గల జీవిని కళ్లారా చూశామని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ముగ్గురూ సంతకాలు చేశారు. పత్రికల వాళ్ల దగ్గరికి వెళ్లాలంటే ముగ్గురూ ఒకే ఇంటి వాళ్లయితే చెల్లదని, బయటి సాక్షి ఒకరు ఉండాలని లాయరుగారికి అనుమానం వచ్చింది.

బయటి సాక్షి తనంతట తానే మెట్లెక్కి వచ్చాడు. ఎదురు మేడలో ఉండే పళ్ల డాక్టరు. ఈ గొట్టం అరగంట నుంచీ తన ఇంటి వైపే గురిపెట్టి ఉందని, ముగ్గురూ వంతులవారీగా చూస్తున్నారని, ఇదేం పద్ధతని కడిగేద్దామని వచ్చాడు. నోరు తెరవకముందే లాయరుగారు ఆయన మెడ వంచి గొట్టం ముందు పెట్టారు. పళ్ల డాక్టరు చూశాడు. కోపం ఎటు పోయిందో తెలియదు.

"అచ్చం మా డాబా లైటులా ఉందండీ" అన్నాడు నెమ్మదిగా.

సాక్షాత్తూ శనిగ్రహాన్ని చూపిస్తుంటే డాబా లైటుతో పోలుస్తారేమిటని లాయరుగారు కసురుకున్నారు. పళ్ల డాక్టరు సిగ్గుపడి, తోక గల జీవిని కూడా చూసి, నాలుగో సంతకం చేశాడు.

అప్పుడు మేనత్తను తీసుకొచ్చారు. టైమ్‌కీపరుగారు చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించారు. అందరూ పక్కకు తప్పుకున్నారు. ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది, ఆ తర్వాత అసలు అక్కర్లేదని తీసేసింది. గొట్టం మీదికి వంగింది. కన్ను చిట్లించి చూసింది.

"ఒరే, నాకేమీ కనబడటం లేదురా."

"సరిగ్గా చూడు అత్తయ్యా. మధ్యలోనే ఉంది. చాలా పెద్దది."

"అంతా చీకటేరా." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. అదే అందరినీ భయపెట్టింది. "డాక్టరు ఎల్లుండి అన్నాడు. ఇవాళే అయిపోయినట్టుంది."

ఇరవై రెండేళ్లలో ఒక్క బస్సునూ తప్పిపోనివ్వని టైమ్‌కీపరుగారు, అత్తయ్యను అరగంట ముందు పిలవకుండా ఊరందరికీ చూపిస్తూ కూర్చున్నందుకు తనను తానే తిట్టుకున్నారు. ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఏం చెయ్యాలో తోచక లాయరుగారు గొట్టంలోకి తొంగిచూసి, నిటారుగా లేచారు.

"నాకూ ఏమీ కనబడటం లేదు."

పళ్ల డాక్టరు గొట్టం జోలికి పోలేదు. తన మేడ వైపు చూశాడు. ఈయన ఎంతకీ తిరిగి రాకపోయేసరికి ఆయన భార్య డాబా తలుపు వేసి, లైటు తీసేసింది. ఆయన పిట్టగోడ దగ్గరకు వెళ్లి, ఆ లైటు మళ్లీ వెయ్యమని కేకేశాడు. ఎదురు డాబా మీద కంభానికి ఉన్న గుండ్రటి లైటు, చుట్టూ రేకు పళ్లెంతో సహా, వెలిగింది. ఇక్కడ గొట్టంలో శనిగ్రహం కూడా వెలిగింది. దాని మీద బల్లి పురుగును పట్టుకుని నములుతోంది.

ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. లాయరుగారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. మేనత్త మాత్రం బల్లిని తృప్తిగా చూసింది. కన్ను ఉంది, అంతే చాలు. తర్వాత తలెత్తి, ముప్పై ఏళ్లు పిల్లలను నిలబెట్టి అడిగిన గొంతుతో అడిగింది.

"దానికి టైమెంత చెప్పావురా?"

"ఏడున్నర."

"నీ ఏడున్నరా, లోకం ఏడున్నరా?"

టైమ్‌కీపరుగారు చేతి గడియారాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నారు. భార్య ఫోను తీసి, ఇప్పుడు ఏడూ ఇరవై ఏడని చెప్పింది. మేనత్త ఎదురు మేడ వైపు చూసింది. ఇందాక బెత్తెడు ఎత్తున ఉన్న పసుప్పచ్చ చుక్క ఇప్పుడు కిందికి దిగి, లైటు కంభానికి వేలెడు పైన నిలబడి ఉంది. ఆవిడ మొహంలో నవ్వు మొదలైంది.

"ఏడున్నరకు శని ఎక్కడుంటాడో అక్కడికి ఇది నలభై నిమిషాలు ముందే వెళ్లి కూర్చుందిరా, అచ్చం నీలాగే. ఇక దాన్ని వెతకనివ్వకు. లైటు తప్పేలా గొట్టం కాస్త పైకెత్తి, మోటారు ఆపెయ్యి. వచ్చేవాడు వస్తాడు."

"మోటారు ఆపేస్తే ఎలా అత్తయ్యా, తిప్పేదెవరు?"

"భూమి తిప్పుతుందిలే."

లైటు తీసెయ్యమని పళ్ల డాక్టరు మళ్లీ కేకేశాడు. టైమ్‌కీపరుగారు మోటారు ఆపారు. ఆ గుర్రుమనే శబ్దం పోయాక డాబా ఎంత నిశ్శబ్దంగా ఉందో అందరికీ తెలిసింది. మేనత్త గొట్టానికి కన్ను ఆనించి కూర్చుంది. దూరంగా ఉన్నదానికి ఈ అమరిక సరిపోదని చెప్పి, మసక పోగొట్టే మర మెల్లగా తిప్పించింది. మిగతా నలుగురూ ఆవిడ వెనక బస్సు కోసం నిలబడ్డట్టు వరుసగా నిలబడ్డారు. తాము నిలబడ్డ ఈ డాబా, ఈ వీధి, ఈ ఊరూ అన్నీ కలిసి ఇంత బరువుతో ఒక చిన్న వెలుగు వైపు ఒరుగుతున్నాయని టైమ్‌కీపరుగారికి కాళ్ల కింద నిజంగానే తెలిసింది. ఆయన పిట్టగోడను పట్టుకున్నారు.

"వస్తున్నాడు" అంది మేనత్త.

బఠాణీ గింజంత కూడా లేదట. ఒక అంచు నుంచి, ఎవరి కోసమూ తొందరపడకుండా, తేలుతూ వచ్చాడట. చుట్టూ నల్లటి చీకటి. ఆవిడ ఊపిరి బిగబట్టింది. కంట్లోంచి నీళ్లు చెంప మీదికి జారుతున్నా తుడుచుకోలేదు, తుడిస్తే కదులుతాడని.

"ఒరే, నేను ముప్పై ఏళ్లు వలయాన్ని గుండుకు అంటించి గీశానురా. అంటుకుని లేదు. మధ్యలో ఖాళీ ఉంది. ఆ సందులోంచి చీకటి కనబడుతోంది. ఎంత మంది పిల్లలకు తప్పు చెప్పానో."

రెండు నిమిషాల్లో శనిగ్రహం అవతలి అంచు దాటిపోయింది. ఆవిడ లేచి కళ్లజోడు పెట్టుకుని, ఇక ఆ కంటి డాక్టరు ఏం చేసుకుంటాడో చేసుకోమను అంది. టైమ్‌కీపరుగారు టెలిస్కోప్‌కు లోకం టైము చెప్పి, మళ్లీ తిప్పి, ఒక్కొక్కరికీ చూపించారు. ఇందాకటిది ఇంతకంటే పెద్దగా ఉందని లాయరుగారు మొదలుపెట్టారు గాని, కన్ను పెట్టాక ఆ మాట వెనక్కి తీసుకున్నారు. జేబులోని కాగితాన్ని ఎవరూ చూడకుండా చింపేశారు. పళ్ల డాక్టరు భార్య కూడా వచ్చి చూసి వెళ్లింది. తన వంతు వచ్చేసరికి టైమ్‌కీపరుగారు చాలాసేపు గొట్టం వదల్లేదు. అంత దూరాన, ఎవరూ చూడకపోయినా, అది సరిగ్గా చెప్పిన చోటికి చెప్పిన టైముకు వస్తోంది. ముందూ రాదు, వెనకా రాదు. తన వృత్తిలో అలాంటి బండిని ఆయన ఒక్కదాన్నీ చూడలేదు.

పడుకోబోయే ముందు ఆయన చేతి గడియారాన్ని, ఇంట్లో గడియారాలన్నింటినీ సరిగ్గా పెట్టేశారు. ఇక అబద్ధం వద్దని భార్యతో గట్టిగా చెప్పారు. తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. అలవాటు ప్రకారం నలభై తీసేసి, ఇంకా చాలా టైముందని అటు తిరిగి పడుకున్నారు.

ఐదు గంటల మొదటి బస్సు ఆ రోజు ఐదూ నలభైకి బయలుదేరింది. రిజిస్టరులో ఆలస్యానికి కారణం అన్న గడి దగ్గర ఆయన చాలాసేపు ఆలోచించి, 'గడియారం సరిగ్గా ఉండటం' అని రాశారు.