మేష్టారి పైపు కింద ఫెర్న్ మొక్క

ఫ్లాటులో కాపురముండేవాడికి పై ఇంటి బాత్రూం కారడాన్ని మించిన అదృష్టం ఇంకొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం. కారని ఇళ్లలో ఉంటున్నవారు దయచేసి నన్ను చూసి కళ్లలో నిప్పులు పోసుకోకండి. మీకూ మంచి రోజులొస్తాయి!

మా వెనక బాల్కనీ సంగతే తీసుకోండి. మూడు వైపులా గోడలు. ఎండ ఒకటి రెండుసార్లు వచ్చి, అడ్రసు దొరక్క తిరిగి వెళ్లిపోయింది. మా ఆవిడ గులాబీ పెట్టింది, చచ్చింది. బంతి పెట్టింది, అదీ చచ్చింది. చివరికి నర్సరీ అతను ఓ ఫెర్న్ మొక్క చేతిలో పెట్టాడు.

"దీనికి ఎండ పడదమ్మా. నీడలో పెట్టండి. మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి, గాలిలోనూ చెమ్మ ఉండాలి. కుండీలో నీళ్లు మాత్రం నిలవకూడదు."

ఈ రోజుల్లో ఒక మొక్కకి ఇంత సేవ చేసే తీరిక ఎవరికుంది? తీసుకెళ్లి బాల్కనీ మూల కారుతున్న పై ఇంటి మేష్టారి బాత్రూం పైపు కింద పెట్టాం. అంతే, మా పని అయిపోయింది.

ఉదయం ఆరింటికి మేష్టారి స్నానం, మొక్కకి మొదటి తడి. ఏడింటికి ఆయన భార్య స్నానం, రెండో తడి. ఏ కంపెనీ వాడైనా ఇంత టైము ప్రకారం పనిచేసే ఆటోమేటిక్ సిస్టమ్ పెట్టగలడా? కిందటి వేసవిలో ఆ దంపతులు పది రోజులు ఊరెళ్తే మొక్క ఆకుల కొనలు మాడిపోయాయి. మా ఆవిడ ఉండబట్టలేక ఫోన్ చేసి, "ఎప్పుడొస్తారండీ పిన్నిగారూ, మీరు లేక ఇల్లు బోసిపోయింది," అంది. ఇంత ఆప్యాయత కారని ఇళ్ల మధ్య ఎక్కడుంది చెప్పండి!

ఒకసారి ఆకుల వెనక గోధుమరంగు చుక్కలు బారులు తీరాయి. పురుగు పట్టిందనుకొని మా ఆవిడ పాత టూత్‌బ్రష్షుతో ఒక్కో ఆకూ తోమింది. నర్సరీ అతను విని తల పట్టుకున్నాడు. ఫెర్న్‌కి అవి విత్తనాల్లాంటివట. మొక్క మాత్రం ఏమీ అనుకోలేదు. సబ్బునీళ్ల మీద పెరిగిన ప్రాణం కదా, వారం తిరక్కుండా చుట్ట చుట్టుకున్న కొత్త చిగుళ్లు నాలుగు లేచాయి.

చెమ్మ కూడా పెద్ద మనసు గలది. కుండీ దగ్గరే ఆగకుండా గోడ దాటి మా అమ్మ గదిలోకి వచ్చింది. అమ్మ మంచం గోడ నుంచి మొదట జానెడు జరిగింది, తర్వాత మూరెడు, తర్వాత బారెడు. ఇప్పుడు హాల్లో టీవీ ముందుంది. అమ్మకి ఒంటరితనం పోయింది. దగ్గు మాత్రం వెంట తెచ్చుకుంది.

మరి పైకెళ్లి అడగొచ్చుగా అంటారు. మూడేళ్లలో నాలుగుసార్లు మెట్లెక్కాను. కానీ మేష్టారు ఎనిమిదో తరగతిలో నాకు లెక్కలు చెప్పిన మనిషి. ఆయన్ని చూడగానే నా చేతులు వాటంతటవే కట్టుకుంటాయి. నాలుగుసార్లూ కుశలప్రశ్నలు వేసి దిగొచ్చాను.

అందుకే మొన్న ఆదివారం పాము చావకుండా, కర్ర విరక్కుండా ఓ ఉపాయం పన్నాను. మేష్టారిని మొక్క చూద్దురుగాని రమ్మన్నాను. మొక్కని చూస్తే పైపునీ చూస్తారు, పైపుని చూస్తే గోడనీ చూస్తారు!

"అంతా మీ నీళ్ల చలవేనండీ," అన్నాను, గోడ వైపు చూస్తూ.

మేష్టారు గోడ వైపు చూడలేదు. మొక్కనే చూశారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఎంత పని జరిగేదిరా! పైపు కారుతోందని మొన్ననే తెలిసి, రేపొచ్చి బాగుచేయమని ప్లంబరుకి చెప్పాను. ఇంత పచ్చటి ప్రాణాన్ని చేజేతులా చంపుకుంటామా?"

మా బాల్కనీలోనే నిలబడి ప్లంబరుకి ఫోన్ చేసి, ఇక రానక్కర్లేదని చెప్పేశారు. నేను చేతులు కట్టుకుని, "అలాగేనండీ," అన్నాను.

ఆయన వెళ్లాక హాల్లోంచి అమ్మ దగ్గు ఆపుకుని పిలిచింది. "ఒరేయ్, నన్నూ ఓ కుండీలో పెట్టి ఆ పైపు కింద కూర్చోబెట్టు. అప్పుడైనా ఎవరైనా చూడ్డానికొస్తారు."

కాబట్టి పాఠకులారా, ఏపుగా పెరిగిన ఫెర్న్ ఒకటి ఊరికే ఇవ్వబడును. వచ్చేటప్పుడు ఓ ప్లంబరుని వెంటబెట్టుకు రండి. నేరుగా పై ఇంటికే వెళ్లండి. నేను పంపానని మాత్రం మేష్టారితో అనకండి.