ఫోర్‌మన్ గారి ఓవర్‌హాలింగ్

ఆ రోజు పొద్దున ఇంట్లో వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఇల్లాలు పదింటికి కళ్ళజోడు దుకాణానికి వెళ్ళి, విరిగిన పుల్ల మార్పించుకురావాలి. వచ్చి, ఏడో తరగతి భూగోళం పుస్తకంలో మిగిలిన పన్నెండు పేజీల ప్రూఫులు దిద్దాలి. సాయంత్రం ఐదింటిలోపు ఫైలు ప్రచురణ సంస్థకు పంపాలి. పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళకు ఆమెకు దొరికిన మొదటి పని అది. "ఐదు దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తామండీ, ఏమీ అనుకోకండి" అని అక్కడి మేడమ్ మెత్తగానే చెప్పింది. మెత్తగా చెప్పేవాళ్ళు అన్నంత పనీ చేస్తారని ఆమెకు తెలుసు.

బెంగల్లా కంప్యూటరు గురించే. పేజీ తిప్పమంటే అది కాసేపు ఆలోచించేది, ఆ తర్వాత నిట్టూర్చేది, అప్పుడు తిప్పేది. ఈలోగా ఆమె రెండు దుప్పట్లు మడతపెట్టేది.

"నా పని పూర్తయ్యేదాకా ఇది బతికుంటే చాలు," అంది చెప్పులు వేసుకుంటూ.

పేపరు చదువుతున్న భర్త తలెత్తాడు. ఆ ఎత్తిన తీరు ఆమెకు నచ్చలేదు.

"మీరు దాని జోలికి వెళ్ళకండి. నడుస్తున్నదాన్ని నడవనివ్వండి."

"నేనేమన్నాను?"

"ఏమీ అనలేదు. అందుకే చెబుతున్నా."

ఆయన బస్సు డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి, ఎనిమిది నెలల కిందట రిటైరయ్యాడు. చుట్టాలందరికీ ఆయన ఇప్పటికీ ఫోర్‌మనే. ఆ డిపోకి కొత్త సామాను అడిగినప్పుడు వచ్చిన దాఖలా లేదు. వెనక గోడవారన పడివున్న బస్సుల్లో ఒకదాని గేరూ, ఇంకొకదాని స్ప్రింగు కమానూ తెచ్చి మూడోదానికి బిగించేవాళ్ళు. పొద్దున్నే మొదటి బండి గేటు దాటాలి. ఎవరి కాళ్ళతో దాటిందన్నది తర్వాతి సంగతి. అలాంటి చేతులు ఎనిమిది నెలలుగా ఊరికే ఉన్నాయి.

నడుస్తున్నదాని జోలికి వెళ్ళొద్దంది కాబట్టి ఆయన ముందు దాన్ని ఆపాడు. తర్వాత విప్పాడు. జబ్బు ఇట్టే తెలిసింది: మెమరీ చాలడం లేదు. కొత్తది కొనడమంటే ఆయన దృష్టిలో ఓటమి. అటక మీద ఈ ఇంటి మొదటి కంప్యూటరు ఉంది. దాన్ని దించి, విప్పి, అందులోని మెమరీ ముక్క తీసి పెట్టబోయాడు. ముక్క మీది గాడి బియ్యపు గింజంత పక్కకుంది. ఆకురాయితో అరగదీద్దామా అని ఒక్క క్షణం అనుకున్నాడు. ఆ క్షణం దానంతటదే గడిచిపోవడం ఆ రోజు జరిగిన కొద్ది మంచి పనుల్లో ఒకటి.

చెల్లెలి ఇల్లు రెండు వీధుల అవతల. ఆమె బడిలో లెక్కల టీచరు, ఆ రోజు సెలవు. వాళ్ళ కంప్యూటరూ, వీళ్ళదీ ఒకే రోజు, ఒకే దుకాణంలో కొన్నవి.

"దీంట్లోంచి ఒక ముక్క కావాలి. గంటలో తెచ్చిస్తా," అన్నాడు ఫోర్‌మన్, అప్పటికే దాని ముందు చతికిలబడి.

"ఎందుకు?"

"మీ వదినది అంతా విప్పి ఓవర్‌హాలింగ్ చేస్తున్నా."

"అయితే మాదీ చేసిపెట్టరాదూ అన్నయ్యా? వదినకైతే చేస్తావు, చెల్లెలికైతే చెయ్యవా?"

పళ్ళ మధ్య స్క్రూ ఉండటంవల్ల ఆయన జవాబు చెప్పలేదు. అన్నయ్య ఒప్పుకున్నాడని ఆమె అనుకుంది.

ఇంటికొచ్చి ముక్క బిగించి స్విచ్చి వేశాడు. టప్పుమంది. కాలిన వాసన వచ్చింది. పోయింది మెమరీ కాదు, లోపల కరెంటు అందించే డబ్బా. ఫోర్‌మన్ కంగారు పడలేదు. తోడల్లుడు పళ్ళ డాక్టరు. ఆ రోజు ముగ్గురి చేతా ఒకే రకం కంప్యూటరు కొనిపించిన మనిషి ఆయనే. మధ్యాహ్నం ఆయన క్లినిక్ మూసి ఉంటుంది.

డాక్టరు బావగారు టిఫిన్ డబ్బా తెరుస్తూ, "పీకు తమ్ముడూ, పీకు. నేను రోజుకి పది పీకుతాను, నన్నెవరైనా ఏమైనా అంటున్నారా," అన్నాడు. కరెంటు డబ్బా తీసుకుని ఫోర్‌మన్ వెళ్ళిపోయాక ఆయనకూ అనిపించింది, ఎలాగూ ఒక ముక్క వెళ్ళింది కదా, మిగతాది కూడా పంపితే శుభ్రమై వస్తుందని.

కళ్ళజోడు దుకాణంలో రెండు గంటలన్నది నాలుగు గంటలయింది. రెండున్నరకి ఇల్లాలు ఇంటికొచ్చేసరికి గుమ్మంలో మూడు జతల చెప్పులున్నాయి. భోజనాల బల్ల మీద పేపర్లు పరిచి ఉన్నాయి. కంప్యూటర్ల లోపలి చిన్న పంకాలన్నీ ఒక వరస, తీగలన్నీ ఒక వరస, స్టీలు గిన్నెలో స్క్రూలు. చెల్లెలూ, బావగారూ చెరో పాత బనీను పట్టుకుని దుమ్ము తుడుస్తున్నారు. నాలుగు కంప్యూటరు డబ్బాలు గోడకి జారగిలబడి ఉన్నాయి, కడుపులో ఏమీ లేకుండా.

ఆమె కొత్త పుల్ల వేసిన కళ్ళజోడు సర్దుకుని చూసింది. కళ్ళజోడు తప్పేమీ లేదు.

"నా భూగోళం ఎక్కడ?"

"ఇక్కడే ఉంది," అన్నాడు ఫోర్‌మన్. పక్కపక్కన మెరుస్తున్న నాలుగు హార్డ్ డిస్కులు చూపించాడు. నాలుగూ ఒక కంపెనీవే, ఒకే సైజువే.

"వీటిలో ఏది?"

డిపోలో విప్పిన సామాను రకంవారీగా పెడతారు. ఏది ఏ బండిదని ఎవరూ అడగరు. ఇన్నేళ్ళలో ఆయన్ని ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన భార్యే.

"మసిగుడ్డతో తుడవకముందు మీ దానిమీద బల్లి గుర్తేదో ఉండేది వదినా," అంది చెల్లెలు సాయం చేద్దామని. "నేనే తుడిచేశాను."

"అవతల ఐదు దాటితే పని పోతుంది," అంది ఇల్లాలు. గొంతు పెంచలేదు. ఫోర్‌మన్ నేలమీద కూర్చుని, ఉన్నవాటిలో బాగున్నవన్నీ ఏరి ఒక్క డబ్బాలో బిగించాడు. ఇక ఒక్కొక్క డిస్కూ తగిలించి చూడటమే.

మొదటిది బావగారిది. "రెండు నిమిషాలమ్మా మరదలా. రేపు ఎవరికి ఏ పన్ను తియ్యాలో ఇందులోనే ఉంది. రాసుకోకపోతే మంచి పన్ను ఊడుతుంది," అంటూ ఆయన కుర్చీ లాక్కున్నాడు. రెండు నిమిషాలు ఇరవై అయ్యాయి. "తర్వాత నా ప్రశ్నపత్రం," అని చెల్లెలు వెనక నిలబడింది.

రెండోది తగిలిస్తే తెర నీలంగా మారి, కాసేపు మొరాయించి, మనసు మార్చుకుని తెరుచుకుంది. పచ్చికలో గొడుగు పట్టుకున్న ఈ ఇంటి పిల్లలిద్దరి చిన్నప్పటి ఫోటో. అటక మీది కంప్యూటరు డిస్కు అది.

ఎవరూ దాన్ని తీసెయ్యమనలేదు. పదిహేనేళ్ళ కిందట వీళ్ళందరికీ కలిపి అదొక్కటే కంప్యూటరు. దాని గదిలోకి చెప్పులతో వెళ్ళేవారు కాదు. పాత కర్టెను చింపి ఇల్లాలు దానికి కుచ్చుల ముసుగు కుట్టింది. మనిషికి అరగంట చొప్పున గోడమీద కాగితం అంటించి ఉండేది. చెల్లెలు పెళ్ళికి ముందు దాంట్లోనే టైపు నేర్చుకుంది. ఆమె కొట్టిన "అఆఇఈ"లు నలభై పేజీలు అలాగే ఉన్నాయి. పిల్లలు వేసిన ఏనుగుకి ఐదు కాళ్ళున్నాయి. "తోకనీ కాలే అనుకుని అప్పట్లో వాళ్ళతో దెబ్బలాడాను," అన్నాడు ఫోర్‌మన్. బావగారి క్లినిక్ మొదటి కరపత్రం ఏడు రంగుల్లో ఉంది: "నొప్పి దాదాపు ఉండదు."

"దాదాపు ఏమిటి డాక్టరుగారూ?" అంది చెల్లెలు.

"అబద్ధం రాయకూడదని."

నవ్వుతూనే ఆమె కరపత్రం పక్కనున్న ఫైలు తెరిచింది. అదొక ఉత్తరం. ప్రూఫులు దిద్దే పని కావాలని ఒక ముద్రణాలయానికి రాసింది. కింద వదిన పేరు. తారీఖు కరపత్రం తారీఖే.

"ఇది పంపలేదా వదినా?"

"ఆ రోజు నా అరగంట బావగారు అడిగారు. మర్నాడు క్లినిక్ ప్రారంభం కదా. మళ్ళీ వంతు వచ్చేసరికి అక్కడ ఇంకొకరు చేరిపోయారు," అంది ఇల్లాలు, వాతావరణం చెప్పినట్టు. తర్వాత వంగి, రెండో వాక్యంలో పడాల్సిన కామా పెట్టి, ఫైలు మూసింది.

ముందు బావగారు లేచి, కుర్చీని తన చేతిరుమాలుతో తుడిచాడు. "కూర్చోమ్మా," అన్నాడు. "ప్రశ్నపత్రం చేత్తో రాసుకుంటాలే. లెక్కలే కదా," అంది చెల్లెలు. ఫోర్‌మన్ మూడో డిస్కు తగిలించాడు. భూగోళం వచ్చింది. గడియారంలో నాలుగు దాటి ఐదు నిమిషాలు.

ఆమె దిద్దడం మొదలుపెట్టింది. పేజీ తిప్పమంటే తిరిగింది. అలవాటుకొద్దీ దుప్పటి కోసం చెయ్యి చాపబోయి ఆగింది. మడతపెట్టే వ్యవధి లేదు. నదులు దాటింది, ఎడారులు దాటింది. వెనక ముగ్గురూ ఊపిరి కూడా వంతులవారీగా తీసుకున్నారు. నాలుగూ యాభై మూడుకి ఫైలు వెళ్ళింది.

ఐదింటికి జవాబు వచ్చింది, అక్కడి మేడమ్ తన ఫోనులోంచి పంపింది. ఆమె పైకే చదివింది: "మీ ఫైలు అందింది. మా కార్యాలయంలో కంప్యూటర్లు బాగుచేయిస్తున్నందున మూడు రోజుల దాకా దాన్ని తెరవలేము. గడువులోపు పంపినవారు మీరొక్కరే కనుక ఎనిమిదో తరగతి పుస్తకం కూడా మీకే ఇస్తున్నాము."

చెల్లెలు వదిన భుజాలు పట్టుకుని ఊపేసింది. బావగారు ముప్పై రెండు పళ్ళూ చూపించాడు. ఫోర్‌మన్ మాత్రం మొదటి వాక్యాల దగ్గరే ఆగిపోయాడు.

"కంప్యూటర్లు బాగుచెయ్యడానికి మూడు రోజులా?" అన్నాడు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుంటూ. "వాళ్ళ ఆఫీసు ఎక్కడ?"

ఆ అడ్రసు ఆమె ఆయనకు ఇప్పటిదాకా చెప్పలేదు.