సగం తీగ

ఒస్వల్దీర్ చేతిలో పడ్డ ఇస్త్రీపెట్టె మళ్లీ పనిచేసిన దాఖలా లేదు. అందుకే వీధివాళ్లు ఆయనకు "ఇస్త్రీల యముడు" అని పేరు పెట్టారు. ఆ పేరుకు ఆయన బాధపడలేదు. బాధల్లా పెళ్లాం గురించే. యాభై రెండేళ్ల వయసులో లెయొనీల్దా సాయంకాలపు క్లాసులకు వెళ్లి ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ తెచ్చుకుంది. పైగా బస్సులో ఐదు గంటల దూరాన, ఇతజాయిలో ఓడలు కట్టేచోట ఉద్యోగం. సోమవారమే చేరాలి.

"నువ్వు పోతే నాకు వంటెవరు చేస్తారే?"

"ఇస్త్రీపెట్టెలు విప్పే చేతులు గరిటె పట్టుకోలేవా?"

వంట ఒట్టి సాకు. ముప్ఫయ్యేళ్లు పక్కనున్న మనిషి లేని ఇంట్లో ఒంటరిగా ఉండాలంటే ఆయనకు భయం. ఆ మాట నోరు విప్పి చెప్పడం కంటే కుట్ర పన్నడమే తేలికనిపించింది.

ఆదివారం అత్తగారు, బావమరుదులు భోజనానికి వస్తున్నారు. ఆ దేశంలో జూలై అంటే నడి చలికాలం; వాళ్లుండే లాజిస్‌లో గడ్డి మీద మంచు పేరుకుంది. ముసలావిడ రాగానే షవర్ కింద నిలబడుతుంది. కరెంటు షవర్ లోపల నీళ్లు కాచే తీగచుట్టను సగానికి కత్తిరిస్తే? సగం తీగ, సగం వేడి! చన్నీళ్లు పడతాయి, పెళ్లానికి కారణం అంతుపట్టదు, అందరి ముందు "ఇదా నీ చదువు?" అనొచ్చు. ఆమె వంటింట్లో పిన్యావ్ గింజలు ఉడకేస్తుండగా పని కానిచ్చాడు. జన్మలో మొదటిసారి ఒక వస్తువు విప్పి సరిగ్గా బిగించాడు.

అత్తగారు ఎతెల్వీనా స్నానానికి వెళ్లి కుళాయి తిప్పి, చెయ్యి పెట్టి చూసి కెవ్వుమంది.

"అల్లుడూ! ఇది స్నానానికా, కోడి ఈకలు పీకడానికా?"

అంతలో ఫట్‌మని బ్రేకర్ పడిపోయింది. గోడలోంచి కాలిన వాసన. లెయొనీల్దా మెయిన్ కట్టేసి, షవర్ విప్పి మీటర్ పెట్టింది.

"ఏమే, దొరికిందా జబ్బు?" అన్నాడు వెటకారంగా.

"రెండొందల ఇరవై వోల్టులు, పాతిక ఆంపియర్లు. భాగిస్తే కరెంటుకు దాదాపు తొమ్మిది ఓముల అడ్డుండాలి. ఇక్కడ సగమే ఉంది."

"సగమైతే చల్లబడాలిగా!"

అందరూ ఆయనవైపు తిరిగారు.

"అడ్డు సగమైతే కరెంటు రెట్టింపయ్యా. యాభై ఆంపియర్లు. వోల్టులతో హెచ్చవేస్తే పదకొండు వేల వాట్లు. ఉండాల్సినదానికి రెట్టింపు. ఇంతకీ చల్లబడాలని నీకెందుకంత నమ్మకం? కోసింది నువ్వేగా?"

బావమరుదులు పడీపడీ నవ్వారు. ఆమె నవ్వలేదు. కాలిన తీగ మార్చింది, కొత్త చుట్ట వేసింది. గంటలో ముసలావిడ స్నానం ముగించింది.

భోజనాలయ్యాక పెరట్లో చేతులు తుడుచుకుంటూ లెయొనీల్దా మెల్లగా అంది: "ఉద్యోగానికి పోనని చెబుదామనుకున్నానయ్యా. నువ్వు ఒంటరిగా ఉండలేవని తెలుసు."

ఆయన మొహం విప్పారింది. "అయితే ఉండిపోవే!"

"నీకు భయమని ఉందామనుకున్నాను. నలుగురిలో నన్ను నవ్వులపాలు చెయ్యాలనుకునేవాడి కోసం ఎందుకుంటాను?"

"ఏదో తమాషాకి..."

"అమ్మ చెయ్యి బొబ్బలెక్కింది, నీ తమాషాకి."

సోమవారం తెల్లవారుతూనే ఆమె పనిముట్ల సంచి ఆయనే బస్సుదాకా మోశాడు. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు. ఇంటికొచ్చి స్నానం చేశాడు. నీళ్లు చక్కగా కాగాయి. ఆ మాట చెబుదామంటే ఇంట్లో ఎవరూ లేరు.