మూడో అంతస్తు, ఎడమచేతి తలుపు

లారీలను తూచే పెద్ద కాటాలు బాగుచేసే ఇంజనీరు ఆ మంగళవారం పొద్దున విమానం ఎక్కి, ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కాటా సరిచేసి, వారాంతానికి ఇల్లు చేరాలనుకున్నాడు. అనుకున్నాడు అనడం కూడా తప్పే. అనుకున్నది మేనేజరు. ఇంజనీరు బ్యాగు సర్దుకున్నాడు, అంతే.

తీరా విమానాశ్రయంలో బెల్టు విప్పి, బూట్లు విప్పి, సంచిలోని, వాలు చూసే రసమట్టం ఆయుధం కాదని తనిఖీవాళ్ళను నమ్మించి, మళ్ళీ బూట్లు తొడుక్కుంటుండగా మేనేజరు ఫోన్ చేశాడు.

"ఫ్యాక్టరీలో సమ్మె మొదలైందటండీ. గేటు మూసేశారు. ఇంటికెళ్ళి రెస్టు తీసుకోండి."

ఆ చల్లని మాట చెవిన వేసి ఫోను ప్రాణం వదిలింది. ఛార్జరు కిందటి ప్రయాణంలో ఏదో హోటల్లో ఉండిపోయింది. అయినా ఇంజనీరు దిగులు పడలేదు. పగటి వెలుతురులో తన ఇల్లు చూసుకోబోతున్నాడు.

చిక్కల్లా ఆ ఇంటితోనే వచ్చింది. ఆయన ఊళ్ళో లేనప్పుడు స్కూలు టీచరైన భార్య ఒక్కతే సామాన్లు కట్టించి కొత్త ఫ్లాటుకు మారింది. అందులో ఆయన పడుకున్నది రెండే రాత్రులు. రెండుసార్లూ చీకటి పడ్డాక వచ్చాడు, తెల్లారకముందే వెళ్ళిపోయాడు. క్యాబు కూడా భార్యే తన ఫోనులో పిలిచింది. ఏ హోటలు గదిలో స్విచ్చి ఎక్కడుంటుందో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి, నిన్న రాత్రి సొంతింట్లో బాత్రూమనుకుని, ముద్దుగా పిచ్చుక అని పిలిచే కూతురి గది తలుపు తీశాడు. "ఎవరూ?" అని పిచ్చుక ఉలిక్కిపడి లేస్తే, "నేనమ్మా, నాన్నని" అని పరిచయం చేసుకోవాల్సి వచ్చింది.

పెట్రోలు బంకు ఎదురుగా పెద్ద నీలం గేటు ఉంటుందన్న ఆనవాలుతో టాక్సీవాడిని ఊరంతా తిప్పి, చివరికి ఆ గేటు పట్టుకున్నాడు. లోపల ఒకే అచ్చులో పోసినట్టు నాలుగు బ్లాకులున్నాయి. వాచ్‌మన్ ఆయన చేతిలోని పనిముట్ల సంచి చూసి, "రిపేరా సార్?" అన్నాడు. ఏ ఊళ్ళో ఏ గేటు దగ్గరైనా అడిగే ప్రశ్న అదే కాబట్టి, ఇంజనీరు అలవాటుకొద్దీ "ఆఁ, రిపేరే" అనేశాడు.

మూడో అంతస్తు, లిఫ్టు దిగగానే ఎడమచేతి తలుపు. అంతవరకు బాగా గుర్తుంది. మొదటి బ్లాకులో ఆ తలుపుకి తాళంచెవి పెట్టాడు. దూరింది గానీ తిరగలేదు. ఇంకాస్త బలంగా తిప్పుతుండగా తలుపు లోపలినుంచి తెరుచుకుంది. నెరిసిన జుట్టు ముడివేసుకుంటూ ఒక బామ్మగారు ఎదురుగా నిలబడ్డారు.

"పొద్దుట్నుంచీ నీకోసమే కాళ్ళు పీకేలా తిరుగుతున్నాను బాబూ. ఇదా రావడం? రా, అది మళ్ళీ వంటింట్లోకి నడిచొచ్చేసింది!"

"ఏది నడిచొచ్చిందండీ?"

"వాషింగ్ మెషీను! ఫోన్లో చెప్పాను కదా!"

తాను మెకానిక్కును కాదని చెప్పడానికి ఇంజనీరు మూడుసార్లు నోరు తెరిచాడు. బామ్మగారు ఆ సందు ఇవ్వలేదు. మెషీను చూస్తే ఒక కాలు పొట్టిగా ఉంది. వివరించడం కంటే బిగించడం తేలికనిపించింది. రసమట్టం పెట్టి, కాలు తిప్పి, నిలబెట్టాడు. మెషీను బుద్ధిగా తిరిగింది. బామ్మగారు మురిసిపోయి ఎదురింటావిడను కేకేశారు. ఆవిడ తమ ఇంట్లో తిరగని ఫ్యాను ఉందంది. ఆవిడింట్లో స్టూలు ఎక్కి ఫ్యాను విప్పుతుండగా, బామ్మగారు పిలిచిన అసలు మెకానిక్కు వచ్చాడు.

"నా పని చెయ్యడానికి ఎవరు నువ్వు?"

"నేను... ఇక్కడే ఉంటాను."

"ఇక్కడంటే?"

"అదే వెతుకుతున్నా."

ఆ జవాబు ఎవరికీ నచ్చలేదు. మెకానిక్కు వాచ్‌మన్‌ను, వాచ్‌మన్ అపార్టుమెంట్ల సెక్రటరీని పిలిచారు. సెక్రటరీ గడ్డం సగం గీసుకుని, మిగతా సగం నురగతోనే వచ్చేశాడు.

"మీ ఫ్లాటు నంబరు?"

"తెలీదండీ."

"పోనీ, బ్లాకు?"

"చీకట్లో కనబడలేదు."

"కొత్తగా చేరినవాళ్ళ పేర్లు మా పుస్తకంలో ఇంకా ఎక్కలేదు. మీ ఆవిడ నంబరు చెప్పండి."

అది చచ్చిన ఫోనులో ఉంది. ఇంజనీరుకి నోటికొచ్చిన నంబరు ఒక్కటే: సిమెంటు ఫ్యాక్టరీ దగ్గరి హోటలుది. హోటలుకు ఫోన్ చేస్తే అక్కడివాళ్ళు తనని గుర్తుపడతారని చెప్పబోయి, మానుకున్నాడు. ప్రపంచంలో తనని ఎరిగినవాళ్ళు ఆ రిసెప్షను దగ్గరే ఉన్నారనిపించి, ఫ్యాను రెక్క చేతపట్టుకుని స్టూలు మీదే కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

"దొంగలకి కళ్ళనీళ్ళు కూడా వస్తాయా?" అంది ఎదురింటావిడ.

"దొంగైతే మెషీను ఎత్తుకుపోతాడు గానీ బాగుచేస్తాడుటే?" అని బామ్మగారు కసిరి, అందరినీ తన ఇంట్లోకి నడిపించి ఛార్జరిచ్చారు. సెక్రటరీ పక్కనే కాపలా ఉండగా ఫోను మెల్లగా కళ్ళు తెరిచింది. భార్య మెసేజి వచ్చిపడింది.

"స్కూల్లో నీళ్ళపైపు పగిలి నన్నూ పిచ్చుకనీ పంపేశారు. మీ ట్రిప్పు లేదని ఆఫీసులో చెప్పారు. మీకు ఇల్లు తెలీదు కదా, మేమే ఎయిర్‌పోర్టుకి వస్తున్నాం. అక్కణ్ణుంచి కదలకండి."

ఇంజనీరు భార్యకు ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నారండీ? విమానాశ్రయమంతా గాలిస్తున్నాం!"

"బామ్మగారింట్లో."

"మా బామ్మ పోయి ఏళ్ళయింది కదండీ! ఒంట్లో బాగానే ఉందా మీకు?"

సంగతంతా సెక్రటరీయే ఫోను లాక్కుని చెప్పాడు. వాళ్ళది నాలుగో బ్లాకని తేలింది. నురగ ఎండిన మొహంతో క్షమాపణ కోరి, ఇంటిదాకా దిగబెడతానన్నాడు. కానీ పిచ్చుక విమానాలు చూడందే రానని విమానాలు కనబడే అద్దాల గోడ ముందు బైఠాయించిందట. "నేనే వస్తా, ఉండండి" అని ఇంజనీరు సంచి భుజాన వేసుకుని పరుగెత్తాడు. విమానాశ్రయానికి ఆయన నవ్వుతూ వెళ్ళడం అదే మొదలు.

అక్కడ కూతురు దూరంనుంచే గుర్తుపట్టి, మెడకు చుట్టుకుంది. ముగ్గురూ అద్దాల గోడ ముందు వరసగా కూర్చున్నారు. పిచ్చుక ఒక్కో విమానాన్నీ చూపించి, "ఇది ఎక్కావా నాన్నా?" అని అడుగుతోంది. ఇంజనీరు ఒంట్లోంచి నెలల అలసట దిగిపోతున్నట్టుంది. ఇంతలో ఫోను మోగింది.

"ఎక్కడున్నారండీ?" అన్నాడు మేనేజరు.

అబద్ధం చెప్పాలని ఇంజనీరుకి ఆ క్షణాన తట్టలేదు. "ఎయిర్‌పోర్టులో సార్."

"ఇంకా అక్కడే ఉన్నారా! మీలాంటివాళ్ళు ఉండబట్టే కంపెనీ నడుస్తోంది. సమ్మె ఆగిపోయిందండీ. ఇంకాసేపట్లో విమానం ఉంది, టిక్కెట్టు పంపిస్తున్నా."

"సార్, మా ఆవిడా, పాపా కూడా ఇక్కడే..."

"మరీ మంచిది! చూసినట్టూ ఉంటుంది, వెళ్ళినట్టూ ఉంటుంది."

ఇంజనీరు ఫోను జేబులో పెట్టుకుని, వంగి బూట్ల లేసులు బిగించుకున్నాడు. భార్య తన ఛార్జరు తీసి ఆయన సంచిలో వేసి, జిప్పు లాగింది.

"వచ్చేవారం కూడా ఇక్కడే కలుద్దాం లెండి," అంది. "ఇక్కడైతే మీకు దారి తెలుసు."