సైకిలు మీద నేనిచ్చిన సాక్ష్యం

కూసోండ్రి, చాయ్ తాగుకుంట వినుండ్రి. మొన్న ఆదివారం చర్చిల ఏమైందని మా కంఠేశ్వర్ బస్తీ మొత్తం అడుగుతున్నది. ఒక్కొక్కలు ఒక్కొక్క తీరుగ చెప్పుకుంటున్నరట. గందుకే అసలు ముచ్చట ఈ సాయవ్వనే చెప్తది. తప్పు నాదే, ముందుగాలనే ఒప్పుకుంటున్న. సగం ఒప్పుకుంటున్న.

మా ఆయన పేరు ఏసుదానం. బోధన్ షక్కర్ ఫ్యాక్టరీల చెరుకు బండ్లు తూకమేసేటోడు. ఫ్యాక్టరీ మూతపడ్డది గని ఈయన తూకం ఆగలే. ఇప్పటికి గూడ నేను కూరల ఏసే ఉప్పును కండ్లతోనే తూస్తడు.

అప్పట్ల గా ఫ్యాక్టరీల ఒక ఇంజనీరు సారు ఉండె. బదిలీ అయి పోతపోత తన సైకిలు ఈయనకిచ్చి పోయిండు. మామూలు సైకిలు కాదు. సన్న చక్రాలు, పొట్టేలు కొమ్ముల్లెక్క కిందికి వంగిన హ్యాండిలు, రేసులల్ల తొక్కేటిది. అంతా ఉక్కే. నలబై ఏండ్లాయె. నాకు నలుగురు పిల్లలు పుట్టిండ్రు, పెండ్లిళ్లయి పోయిండ్రు, గది మాత్రం ఇంట్లకెల్లి కదల్లే. దానికి దినాం నూనె పెడ్తడు. నా మోకాళ్లకు జర నూనె రాయమంటె "సీసా యాడున్నది?" అంటడు.

ఆయనకు ఇప్పుడు అరవై ఎనిమిది. పోయిన వానకాలం జక్రాన్‌పల్లి కాడ పడ్డడు. గడ్డానికి నాలుగు కుట్లు. "బర్రె అడ్డమొచ్చింది" అన్నడు. గప్పటి సంది ఆయన సైకిలెక్కితె నా చూపు గేటు మీదనే ఉంటది. మల్ల గేటు సప్పుడైతేనే నాకు అన్నం ముద్ద దిగేది. వద్దందామంటె, వద్దన్న పని రెండుసార్లు చేసే మనిషి. గందుకే నేను వద్దనలే. ఉపాయం ఆలోచన జేసిన.

మా గల్లీ మూలకు సైకిలు మెకానిక్ ఏసుబాబు ఉంటడు. అందరు వాన్ని రేపు ఏసుబాబు అంటరు. పంచరు తీస్కపోయినా "రేపు రా" అంటడు. చర్చిల డోలక్ కొట్టేది గూడ వాడే. గదొక్కటే వాడు టైముకు కొట్టేది.

"కొడుకా, మా ఆయన సైకిలుకు కొత్త సామాను ఎక్కుతదా?" అని అడిగిన.

"ఎక్కదవ్వ. ఇప్పటి చక్రాలకు గేర్లు ఎక్కువ, ఎడల్పెక్కువ. గా పాత ఫ్రేముల ఎనుక చక్రం పట్టే సందు చిన్నది. ఎట్లనో ఎక్కిచ్చినా, పాత బ్రేకు కొత్త చక్రానికి అందదు. బ్రేకు మారిస్తె దాని పిడి మార్చాలె. పిడి మారిస్తె హ్యాండిలు మార్చాలె. ఆర్నెల్లైనా పని ఒడువది, సాగుతనే ఉంటది."

ఆర్నెల్లైనా ఒడువది. నాకు గా మాట ఆదివారం వాక్యం విన్నట్టు చల్లగ వినబడ్డది.

"అయితె సైకిలు పంపిస్త. ఒడువకుంట చూడు" అన్న. వారానికో డబ్బ మురుకులకు బేరం కుదిరింది.

ఇంటికొచ్చి మా ఆయన ముంగట కూసున్న. "ఏమయ్యా, నీ సైకిలుకు కొత్త గేర్లు, కొత్త బ్రేకులు ఎందుకు పెట్టియ్యవు?"

ఆయన పేపరు కిందికి దించిండు. "నీకు జ్వరం గిట్ల వచ్చిందా?"

"ప్రేమతోని చెప్తె జ్వరమంటవ్."

"నలబై ఏండ్ల సంది తుక్కు తుక్కు అని తిడితివి కదనే."

"తుక్కును జర మంచిగ చేసుకోమనే చెప్తున్న. నిన్ను చేసుకున్నప్పటి సంది నేను చేస్తున్న పని గదే కదా."

గా దినమే సైకిలు షాపుకు పోయింది. మా ఆయన ఫోన్ల తెల్లోళ్లు పాత సైకిళ్లకు కొత్త సామాను బిగిచ్చుకునేది నోరు తెరుసుకొని చూసిండు. వాళ్ల మాట ఈయనకు తెల్వదు. అయినా మధ్యమధ్యల "కరెక్టే, కరెక్టే" అనేటోడు. పార్సిల్ మీద పార్సిల్ వచ్చింది. మంగళసూత్రం తెచ్చినప్పుడు గూడ ఈ మనిషి గంత మురిసింది నేను చూడలే.

నేను ఒక్కటి మర్చిపోయిన. సైకిలు షాపుల పడితె, మా ఆయన నా మీద పడ్తడు.

మొదటి దినం కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టిండు. రెండో దినం డబ్బలన్ని పొడుగు ప్రకారం నిలబెట్టిండు. సక్కరి డబ్బ జాగల ఉప్పు డబ్బ వచ్చి నిలబడ్డది. గా దినం మా ఇంటికొచ్చిన పాస్టరమ్మ ప్రిస్కిల్లా ఉప్పు చాయ్ తాగి, మర్యాదకు "బాగున్నది" అని పోయింది. మూడో దినం నేను బీడీలు చేస్తుంటె పీట ఏసుకొని పక్కకొచ్చి కూసున్నడు.

"గిది జర లావున్నది."

"తాగెటోడు చూసుకుంటడు తియ్యి."

"ఆకు సగం వేస్టు చేస్తున్నవ్."

"జన్మే వేస్టు చేసుకున్న, ఆకెంత?"

ఎనిమిదో దినానికి చేతులు జోడిచ్చిన. "అయ్యా, నీకు పుణ్యముంటది. పొద్దుగాల లేసి యాడికన్న పో. చర్చికి పోయి ప్రార్థన జేసుకో."

తెల్లారి అయిదున్నరకే పోయిండు. తొమ్మిదింటికి వచ్చిండు. అంగీ తడిసి ముద్దయింది. మొఖం మాత్రం దీపమోలె ఎలుగుతున్నది. అయిదు రొట్టెలు తిన్నడు.

"కాళ్లు ఎందుకు ఈడుస్తున్నవ్?" అన్న.

"శానాసేపు మోకాళ్లూనిన" అన్నడు.

మూడు వారాలు గిదే వరుస. నాకు ఒకటే సంబురం. సైకిలు ఆపబోతె దేవుడు మనిషినే మార్చిండు అనుకున్న.

మొన్న ఆదివారం పాస్టర్ విజయ్ పాల్ అయ్యగారు "సాక్ష్యం చెప్పేటోళ్లు ఉన్నరా?" అన్నడు. నేను ఆగలేక లేసి నిలబడ్డ. పడ్డది చెప్పిన, భయం చెప్పిన, మురుకులు గూడ చెప్పిన. "గిట్ల సైకిలు ఆగింది. మా ఆయన దినాం అయిదున్నరకు గిదే చర్చిల ప్రార్థన చేస్తున్నడు. దేవునికి స్తోత్రం" అన్న.

ఒక్కలు గూడ స్తోత్రం అనలే.

అయ్యగారు మెల్లగ అన్నడు, "అమ్మా, తాళంచెవి నా తాననే ఉంటది. నేను తీసేదే ఎనిమిదింటికి."

డోలక్ మీద ఏసుబాబు చెయ్యి గట్లనే ఆగింది. అందరు మా ఆయన దిక్కు చూసిండ్రు. ఆయన పాటల పుస్తకం చూస్తున్నడు. పుస్తకం తలకిందులున్నది.

పుస్తకం మూసి లేసి నిలబడ్డడు. "నాది గూడ ఒక సాక్ష్యమున్నది అయ్యగారు. సాయవ్వ ఉపాయం ఏసుబాబు నాకు మొదటి దినమే చెప్పిండు. మురుకులు తినుకుంటనే చెప్పిండు. సైకిలు వారంల తయారైంది. తొక్కేది ఎట్లనా అని నేను చూస్తుంటె, ఈమెనే పొద్దుగాల లేసి పొమ్మన్నది."

నేను ఏసుబాబు దిక్కు తిరిగిన. "ఎక్కదంటివి కదరా."

"ఉక్కు కదవ్వ. ఇప్పటి సైకిళ్లయితె పగుల్తయి. ఉక్కు మాట వింటది. సందుల బోల్టు పెట్టి నట్టు తిప్పుకుంట, దినానికి ఇంతింత ఎడల్పు జేసిన."

"నీ జన్మల టైముకు చేసిన పని గిదొక్కటేనారా?"

వాడు డోలక్ తాళ్లు సదురుకున్నడు.

మా ఆయన ఇంకా కూసోలే. "ఇంకో మాట. నేను పడ్డ దినం బర్రె రాలే. పాత బ్రేకు పట్టలే. ఇంట్ల భయపడ్తదని చెప్పలే. ఇప్పుడు రెండు వేళ్లతోని నొక్కితె సైకిలు ఆగుతది. గా కొత్త బ్రేకులు పెట్టియ్యమన్నది ఎవ్వలు? సాయవ్వనే. నా పానం కాపాడింది. దేవునికి స్తోత్రం."

గిప్పుడు చర్చి మొత్తం స్తోత్రమన్నది. పాస్టరమ్మ వచ్చి నన్ను అలుముకున్నది. సైకిలు ఆపిన మొగోన్ని చూపెడ్దామని లేసిన నేను, సైకిలు నడిపిచ్చిన ఆడిదాన్నై కూసున్న.

ఇంటికొచ్చినంక ఆయనే ముచ్చట తీసిండు.

"భయమైతున్నదని ఒక్క మాట నాతోని అనకపోతివి" అన్నడు.

"అంటె ఆగుదువా?"

"అడిగి చూడాల్సింది."

తెల్లారి సైకిలు గడప కాడ నిలబెట్టి నా కోసం ఆగిండు. "అడుగు. పోవద్దంటె పోను."

"నిజంగనా?"

"నిజంగనే. ఇంట్లనే ఉంట. అటక మీది సామానంత కిందికి దించి, ఏది పనికొస్తది, ఏది పనికిరాదు, నువ్వు నేను కూసొని తీరుబడిగ చూద్దాం."

నేను అటక దిక్కు చూసిన. ఆయన దిక్కు చూసిన.

"రెండు వేళ్లతోని ఆగుతదంటివి. ఏది, నొక్కు" అన్న.

నొక్కిండు. ఆగింది.

హెల్మెట్టు నేనే తెచ్చి నెత్తిన పెట్టిన. గడ్డం కింద పట్టీ గూడ నేనే బిగిచ్చిన. జర గట్టిగనే బిగిచ్చిన, ఆయన మల్ల అటక మాట ఎత్తకుంట.