వరదయ్య వేసిన ముడి

1957 ఆగస్టు పదిహేను. స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళు నిండిన ఆ ఉదయం, తిరుత్తణి పక్క నేతపేటలో వరదయ్య చెయ్యవలసిన పని ఒక్కటే. జెండాలో చామంతి రేకులు పోసి మడిచి, తాడుతో కట్టి, స్తంభం కొనకు చేర్చాలి. చిత్తూరు నుంచి రైల్లో వచ్చే చేనేత శాఖ ఇన్‌స్పెక్టరు తాడు లాగగానే అది విచ్చుకోవాలి, ఆయన నెత్తిన పూలు రాలాలి.

పైకి చిన్న పనే. కానీ పేట నేసి పంపిన దుప్పట్లలో ముడులు ఊడి పోగులు లేస్తున్నాయని సర్కారు ఆసుపత్రివాళ్ళు ఫిర్యాదు చేసి ఉన్నారు. జెండా పండగ కాగానే ఇన్‌స్పెక్టరు సరుకు చూసి, కొత్త ఆర్డరు ఇచ్చేదీ లేనిదీ తేలుస్తాడు. ఇవ్వకపోతే పేటలో నలభై మగ్గాలూ ఆగిపోతాయి.

"వరదయ్యన్నా, గట్టిగా కట్టినావు గదా? పోయినేడు ఆయన ముట్టకముందే విప్పుకునింది," అన్నాడు నేతగాళ్ళ సంఘం ప్రెసిడెంటు సుందరరాజులు.

"నలభై ఏండ్లుగా నా ముడి ఒగటన్నా ఊడిందా రాజులూ?"

అక్కడే వచ్చింది చిక్కు! జీవితమంతా తెగిన పోగులు అతికిన చెయ్యి అది. లాగేకొద్దీ బిగిసే ముడి తప్ప మరొకటి ఎరగదు పాపం.

ఇన్‌స్పెక్టరు తాడు లాగాడు. తణికాచలం మాస్టరు కళ్ళు మూసుకుని 'జనగణమన' ఎత్తుకున్నాడు. పిల్లలు అందుకున్నారు. పేటంతా కొయ్యబారి నిలబడింది. జెండా మాత్రం విచ్చుకోలేదు. పాట ముగిసింది. మాస్టరు కళ్ళు తెరిచి, మూటలా వేలాడుతున్న జెండాను చూసి హడలిపోయాడు. విప్పని జెండాకు పాడితే ఉద్యోగం ఉంటుందా? మళ్ళీ మొదలుపెట్టాడు.

సందు చూసుకుని స్తంభం వైపు రెండడుగులు వేసిన వరదయ్య, పాట వినపడగానే ఒక కాలు గాల్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఏమయ్యా, మగ్గం ముడి ఏసేసినావా?" పెదాలు కదపకుండా అడిగింది భార్య తులసమ్మ, ఆడవాళ్ళ వరసలోంచి.

"చేతికి వాడుకైపోయిందే!"

"నలభై కొంపలు ముంచితివి గదయ్యా!"

"గమ్మునుండండి! పాట పాడతా ఉండారు!" అని పళ్ళ మధ్య నుంచి కసిరాడు సుందరరాజులు.

మూడోసారి పాట మొదలయ్యేలోగా వరదయ్య ఇంకో రెండడుగులు దక్కించుకున్నాడు. నాలుగోసారికి పిల్లల గొంతులు బొంగురుపోయాయి. ఇన్‌స్పెక్టరు తాడును రెండు చేతులకూ చుట్టుకుని వెనక్కి వాలాడు. సవుకు స్తంభం వంగి, వంగి, మొదలంటా పెళ్ళగిలింది. జెండా నేల తాకితే ఇంకేమైనా ఉందా! వరదయ్య పాటనూ మర్యాదనూ వదిలేసి పరుగెత్తి దాన్ని ఒడిసిపట్టాడు. ఇన్‌స్పెక్టరు మాత్రం బురదలో వెల్లకిలా పడ్డాడు.

"ఎవరయ్యా ఇది కట్టింది?" లేస్తూనే గర్జించాడు.

"నేనే సామీ. నన్నేమన్నా చెయ్యండి, ఆర్డరు మాత్రం నిలపొద్దండి," వరదయ్యకు కన్నీళ్ళు ఆగలేదు.

"ముందు విప్పు!"

"కట్టేదే తెలుసు సామీ. విప్పేది తెలీదు."

చివరికి కత్తెరతో తాడు కోశారు. పూలన్నీ వరదయ్య ఒళ్ళో రాలాయి. ఇన్‌స్పెక్టరు కమిలిన అరచేతులు రుద్దుకుంటూ, తెగిన తాడులో ఇంకా బిగిసే ఉన్న ముడిని చాలాసేపు చూశాడు.

"ఈ చేతులేనా దుప్పట్లు నేసేది?" అని అడిగి, సరుకు చూడకుండానే బల్ల మీద ఆర్డరు రాసి సంతకం పెట్టాడు.

సంతకం కింద ఎర్రసిరాతో ఇంకో ముక్క కూడా రాశాడు: "వచ్చే ఏడాది జెండా కట్టు పని నేతవారికి అప్పగించరాదు."